ఐదు రంధ్రాల వరుస

"నాలుగింటికి జీపు కదుల్తది టీచరమ్మా. ఇప్పుడు మూడూ అయిదు. ఆపైన మీరు మేజిస్ట్రేటు కాయితం కాదు, గవర్నరు కాయితం తెచ్చినా నేనాగను."

సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ రాజమల్లు గడియారం చూసుకుంటూ టెలిప్రింటర్ గది తలుపు తోశాడు.  యాభై అయిదు నిమిషాల్లో ఒకటి జవాబుకు ఖర్చు చేయడం లిదియాకు ఇష్టం లేదు.

బొగ్గు గనులకు పేలుడు సామాను పంపే దక్కన్ మైనింగ్ స్టోర్స్ వారి వరంగల్ డిపో అది. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలై రెండు వారాలు. ఆ ఉదయం తొమ్మిదీ నలభైకి ఈ గదిలోని టెలిప్రింటర్ మీదుగా హైదరాబాదు హెడ్డాఫీసుకు ఒక వార్త వెళ్లింది. మొదట మూడంకెలు, ఆ వెనుక తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలు. అక్కడి గుమాస్తా ఒకడు అది చూసి బెదిరి పోలీసులకు అందించాడు. పదకొండింటికి ఆపరేటర్ దానియేలును పట్టుకున్నారు. పన్నెండింటికి అతని ఇల్లు సోదా చేశారు. నాలుగింటికి దేశరక్షణ చట్టం కింద హైదరాబాదు తీసుకుపోతారు. ఆ చట్టానికి బెయిలు లేదు. ఏ జైల్లో పెడతారో, ఎన్నేళ్లకు వదులుతారో భార్యకు కూడా చెప్పనక్కర లేదు.

ఆ భార్య దీనమ్మ ఒంటిగంటకు ముందు హనుమకొండ చౌరస్తాలోని లిదియా టైపు ఇన్‌స్టిట్యూటుకు వచ్చింది. తొమ్మిదో నెల. పై గదిలోనే ఉన్న లిదియా డిటెక్టివ్ ఆఫీసుకు మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. "మా ఆయనకు ఇంటికి ఆలస్యమైతే ఒక అబద్ధం కూడా సరిగ్గ చెప్పరాదక్కా. గసుంటోడు గూఢచారంటే ఎట్ల నమ్మాలె?" అంది. కన్నీళ్లు పెట్టలేదు. అది లిదియాకు నచ్చింది. ఆమెను ఇంటికి పంపి తాను డిపోకు వచ్చింది.

"ముందు టేపు చూపండి," అంది లిదియా.

"చూడొచ్చు. ముట్టుకోవద్దు. మిషనుకు గుడ్డ కప్పి సీలేసిన. అదీ ముట్టుకోవద్దు."

కవరులోంచి వేలి వెడల్పున్న కాగితపు టేపు బల్లమీద పరిచాడు రాజమల్లు. మూరెడు పొడవు. టెలిప్రింటర్ మీద మీట నొక్కితే టేపులో అడ్డంగా ఒక వరుస రంధ్రాలు పడతాయి. వరుసకు అయిదు చోట్లు. ఏ చోట రంధ్రముందో, ఏ చోట లేదో దాన్నిబట్టి అది ఏ అక్షరమో యంత్రం తెలుసుకుంటుంది. టేపు ఇక్కడ తిరిగితే అక్షరాలు అక్కడ అచ్చు పడతాయి.

పక్కనే అచ్చు పడ్డ కాగితం. రెండు, ఏడు, నాలుగు. ఆ వెంటనే క్యూ, వై. కాస్త ఖాళీ. క్యూ, టీ, ఈ, పీ. మళ్లీ ఖాళీ. యూ, ఏ, ఈ, ఏ, ఆర్, క్యూ. అంతే.

"ఈ, పీ అంటే తెలుసా?" అన్నాడు రాజమల్లు గర్వంగా. "ఈస్ట్ పాకిస్తాన్!"

"మరి క్యూ?"

"క్వెట్టా కావచ్చు."

"వై?"

"అది ఢిల్లీల నిపుణులు చూసుకుంటరు. నేను గింత దూరం చదివిన చాలు."

లిదియా కాగితం వదిలి టేపు మీదికి వంగింది. మూడంకెల తర్వాత ఒక వరుసలో అయిదు రంధ్రాలూ నిండుగా పడి ఉన్నాయి. టేపు మొత్తంలో అంత నిండు వరుస అదొక్కటే.

"ఈ కాగితం దానియేలుకు చూపించారా?"

"రహస్య లిపి తెచ్చి దొంగకే చూపెడతరా ఎవరన్న?"

"చూపించి ఉంటే మీకు పదకొండు గంటలకే పని అయిపోయేదేమో," అంటూ లిదియా వరండాలోకి నడిచింది. అక్కడ గది ఊడ్చే సమ్మమ్మ చీపురు పక్కన పెట్టుకుని గోడకానుకుని కూర్చుంది. ఉదయం నుంచీ ఎవరూ ఆమెను ఇంటికి పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

"పొద్దున నువ్వు ఊడ్చినప్పుడు గదిలో ఎవరున్నారు సమ్మమ్మా?"

"మన దానియేలు ఉండె. తొమ్మిదింపావుకు మిషను కింది డబ్బీ నా చేతులనే కుమ్మరిచ్చిండు."

"ఏం డబ్బీ?"

"గదే బిడ్డా, కాయితానికి బొక్కలు పడ్తే చుక్కలు రాల్తయి గద. అవి పడే డబ్బీ. నా మనుమరాండ్లు బొమ్మల పెండ్లికి తలంబ్రాలంటరు. దినాం కొంగుల కట్టుకపోత." సమ్మమ్మ కొంగు ముడి తట్టి చూపింది. "కుమ్మరిచ్చి, ఆకలైతాందని కాంటీన్లకు పోయిండు. నేను కాంటీన్ ముంగట ఊడుస్తాన. ఉప్మా తినుకుంట ఆడనే కూసున్నడు. పదింటికి పది నిమిషాలు తక్కువున్నప్పుడు లేసిండు."

"తర్వాత నువ్వు మళ్లీ గదిలోకి వెళ్లావా?"

"తడిగుడ్డ పెట్టెతందుకు పోయిన, ఆయినెన్కనే. డబ్బీల మల్ల చిటికెడు చుక్కలున్నయి. ఇదేంది, నేనిప్పుడే కుమ్మరిస్తి గద అనుకున్న."

లిదియా వెనక్కి తిరిగింది. "విన్నారా ఇన్‌స్పెక్టర్ గారూ? తొమ్మిదింపావుకు డబ్బీ ఖాళీ. తొమ్మిదీ నలభైకి వార్త వెళ్లింది. ఈ నడుమ టేపుకు రంధ్రాలు పడ్డాయి. ఈ నడుమ దానియేలు కాంటీన్‌లో ఉన్నాడు."

"చీపురు సాక్ష్యం కోర్టుల నిలవదమ్మా."

"చీపురెందుకు సాబ్, నేను నిలవడ్త," అంది సమ్మమ్మ. "నాకు కండ్లు లెవ్వా?"

మూడూ పదమూడు. దానియేలును పక్క గదిలో కిటికీ చువ్వకు బేడీ వేసి కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ల సన్నటి మనిషి. లిదియాను చూడగానే లేవబోయాడు. బేడీ లాగింది.

"అక్కా, దీనమ్మ మంచిగున్నదా?"

"ఉంది. ఫికర్ పెట్టుకోకు. నేనడిగినదానికే చెప్పు, తొందరగా. టేపు మీద తప్పు పడితే ఏం చేస్తావు?"

ఈ ప్రశ్న అతను ఊహించలేదు. కానీ పని గురించి అడిగేసరికి అతని ముఖంలో బెదురు కాస్త తగ్గింది. "పడ్డ బొక్కను పూడ్చరాదు గదక్కా. అందుకని టేపును ఒక గడి ఎన్కకు జరిపి ఆ వరుసల అయిదుకు అయిదు బొక్కలు గుద్దుత. అప్పుడు పాత అక్షరం పోతది. అయిదున్న వరుసను మిషను అచ్చెయ్యదు."

"తర్వాత?"

"అక్షరాలల్ల తప్పు పడ్తే ఇగ పని లేదు, ముందుకు పోవుడే. అంకెలల్ల పడ్తేనే పరేశాను. అయిదు బొక్కలంటే మిషనుకు 'ఇక్కణ్నుంచి అక్షరాలు' అని హుకుం కూడా. ఒక్కటే బొక్కల వరుస, అక్షరాల హుకుంల ఉంటే అక్షరం, అంకెల హుకుంల ఉంటే అంకె. మిషనుకు సొంత తెలివి లేదు. ఆఖరుకు ఏ హుకుం విన్నదో అదే పట్టుకొని పోతది. అందుకని అయిదు గుద్దినంక మల్ల అంకెల మీట కొట్టాలె. దాని వరుసల నాలుగే బొక్కలు, నడిమిది ఖాళీ. అది కొట్టకపోతే అంకెలన్నీ అక్షరాలై పడ్తయి. నేర్చుకునేటప్పుడు దీనికోసం నా ఏళ్లు వాసినయక్కా. మా మాస్టరు రూళ్లకర్రతోని కొట్టెటోడు."

"ఇప్పుడెప్పుడైనా మర్చిపోతావా?"

"తొమ్మిదేండ్లాయె. ఇప్పుడు నేను కొట్టేది లేదు, నా చెయ్యే కొడ్తది."

 అదే క్షణంలో ముందు వరండాలో స్కూటరు తాళాల చప్పుడు లిదియాకు వినిపించింది. "నువ్వు నాష్టాకు పోయినప్పుడు మిషను దగ్గర ఎవరుంటారు?"

"గది ఉత్తగ ఇడిసిపెట్టద్దని కంపెనీ రూలు. డిస్పాచ్ ఆఫీసరు ఎంకట్రాజం సారు కూసుంటడు."

వెంకట్రాజం వరండా చివర చేతిలో తాళాలు తిప్పుతూ నిలబడి ఉన్నాడు. తెల్ల బుష్‌షర్టు, మెరిసే బూట్లు. వ్యాగన్లలోకి సరుకు ఎక్కించి పంపే పని అతనిది. లిదియా దగ్గరికి వెళ్లగానే మర్యాదగా నవ్వాడు.

"పాపం, దానియేలు మంచోడనుకున్న మేడం. ఎవర్ని నమ్మాల్నో తెలుస్తలేదు."

"మీరు పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో గదిలో ఉన్నారట."

"ఉన్న. నేనున్నట్టు పోలీసులకు నేనే రాసిచ్చిన. ఫోనొస్తే పక్క రూముకు పోయిన, ఒక అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలల్లనే దానియేలు వచ్చి పంపి పోయిండు."

"మీకు మిషను పని వచ్చా?"

"నాకా? వచ్చిన కాయితం చింపి ఫైల్ల పెట్టుడొస్తది," అని పెద్దగా నవ్వాడు.

"నేనూ టైపు మనిషినే, అయినా ఇది నాకు వింతగా ఉంది," అంది లిదియా కబుర్లలోకి దిగినట్టు. "ఒక్క తప్పు పడితే టేపంతా పారేసి మళ్లీ మొదటినుంచి కొట్టాలట. ఎంత దండగ!"

"ఎవరు చెప్పిండ్రు మీకు?" వెంకట్రాజం పెదవి విరిచాడు. తెలియనివాళ్లకు తెలియజెప్పే సరదా అతని కళ్లలో మెరిసింది. "ఒక గడి ఎన్కకు జరిపి అయిదు బొక్కలు గుద్దితే పాతది సాఫ్."

"ఆ తర్వాత?"

"తర్వాతేమున్నది? సరైన అంకె కొట్టి ముందుకు పోవుడే."

"ఇంకేమీ కొట్టనక్కర లేదా?"

"ఇంకేముంటది మేడం? ఏమన్న మంత్రం సదవాల్నా?"

"లేదు లేదు. కాగితం చింపే మనిషికి ఇంత తెలిసిందంటే ఆశ్చర్యమేసింది."

నవ్వు అలాగే ఉంది గానీ తాళాలు తిరగడం ఆగింది. "సూసి సూసి తెలుస్తది గద," అన్నాడు. "యార్డుల జర పనున్నది. వస్త."

స్కూటరు గేటు దాటేసరికి లిదియా రాజమల్లు ముందు నిలబడి ఉంది. "ఆయన్ను ఆపండి. తప్పు దిద్దడం గురించి అడిగాను, అంతే. అంకెల మాట నేనెత్తలేదు. 'సరైన అంకె' అన్నాడు. టేపు మీద తప్పు పడ్డది అంకెలోనని ఆయనకెలా తెలుసు?"

"ఎంకట్రాజం గారినా? మేం వచ్చినంక ఇక్కడి ఫిర్యాదు మీద సంతకం పెట్టిందే ఆయన! ఫిర్యాదిని పట్టుకొని ముద్దాయిని ఇడిసిపెట్టాల్నా?" రాజమల్లు గొంతు పెంచాడు. "మీ చర్చి మనిషని మీరు తాపత్రయపడుతున్నరు. నాకు అర్థమైంది."

"అపరాధి ఏ చర్చికి పోతాడో నేను చూడను. ఏ మీట మరిచాడో చూస్తాను."

మూడూ ఇరవై మూడు. టెలిప్రింటర్ గది గోడకు ఏడు మేకులు. వారంలో ఒక్కో రోజు పంపిన టేపులు ఒక్కో మేకుకు చుట్ట చుట్టి వేలాడుతున్నాయి. వారం దాటాక గాని పారేయకూడదని కంపెనీ పద్ధతి. లిదియా వాటిని ఒక్కొక్కటే దించి, కిటికీ వెలుతురుకు పట్టి, వేళ్ల మధ్య జరుపుతూ పోయింది. బియ్యంలో రాళ్లు ఏరేటప్పటిలా కళ్లు అయిదు రంధ్రాల వరుస కోసమే వెతికాయి. దొరికిన చోటల్లా పెన్సిలుతో బల్లమీది కాగితంపై ఒక గీత పెట్టింది. రాజమల్లు రెండుసార్లు దగ్గాడు. ఆమె తల ఎత్తలేదు.

ఏడు మేకులూ అయ్యేసరికి మూడూ ముప్పై ఏడు.

"అంకెల నడుమ దానియేలు తప్పు దిద్దిన చోట్లు ఈ వారంలో పందొమ్మిది," అంది. "మీరే చూడండి. ప్రతి అయిదు రంధ్రాల వరుస తర్వాత, నడిమిది ఖాళీగా ఉన్న నాలుగు రంధ్రాల వరుస. పందొమ్మిదింటికి పందొమ్మిది. ఇప్పుడు మీ టేపు చూడండి. రెండు, ఏడు, నాలుగు అంకెలు, ఆ తర్వాత అయిదు రంధ్రాల వరుస. దాని వెనుక నాలుగు రంధ్రాల వరుస ఏది?"

రాజమల్లు వంగి చూశాడు. వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"లేదు," అన్నాడు.

"లేదు. ఇది రాసినవాడు తప్పు చెరపడం చూసి నేర్చుకున్నాడు, చెరిపాక చేయవలసింది నేర్చుకోలేదు. వాడు అంకెలే కొట్టాననుకున్నాడు. మిషను అక్షరాలు వేసింది. అంకెలే పడి ఉంటే మామూలు లెక్కల్లా హైదరాబాదులో వాడి మనిషికి చేరేవి, అక్షరాలు పడబట్టే గుమాస్తా బెదిరాడు. ఇందులో గూఢలిపి లేదు ఇన్‌స్పెక్టర్ గారూ. ఒక్క ఏ తప్ప మిగిలినవన్నీ మీటల్లో పై వరుస అక్షరాలు. నా దగ్గర నేర్చుకునే పిల్లలు మొదటి నెల్లోనే చెబుతారు. ఆ గుడ్డ తీయండి."

"సీలు..."

"సీలు వేసింది మీరు. తీసే అధికారమూ మీదే. మీ నాలుగు గంటలకు ఇంకా ఇరవై రెండు నిమిషాలున్నాయి. నేను తప్పయితే ఇరవై రెండు నిమిషాలే పోతాయి. మీరు తప్పయితే ఒక మనిషి బతుకు పోతుంది."

రాజమల్లు ఆమెను ఒక క్షణం చూశాడు. మొండివాడే గాని చేతగానివాడు కాడు. చాకు తీసి లక్క కోశాడు.

మీటల పై వరుసలో ఒక్కో అక్షరం నెత్తిన ఒక్కో అంకె చెక్కి ఉంది. క్యూ మీద ఒకటి, డబ్ల్యూ మీద రెండు, ఈ మీద మూడు, అలా పీ మీద సున్నా దాకా. కింది వరుసలో ఏ మీద చిన్న అడ్డగీత. లిదియా పెన్సిలు అందుకుంది. ఆమె చెబుతుంటే రాజమల్లే మీటలు చూసి పలికాడు.

"క్యూ."

"ఒకటి."

"వై."

"ఆరు."

మొదటి మూడంకెలతో కలిపితే ఇరవైఏడు వేల నాలుగువందల పదహారు. లిదియా చకచకా వెంకట్రాజం గదిలోకి వెళ్లి డిస్పాచ్ పుస్తకం తెచ్చింది. ఆనాటి పేజీలో ఒకే పద్దు. వ్యాగన్ నంబరు 27416. డిటొనేటర్లు, నలభై పెట్టెలు. డిపో పక్క పట్టాల సైడింగు నుంచి కదలవలసింది సాయంత్రం ఆరింటికి. కింద వెంకట్రాజం సంతకం.

"రెండోది చదవండి. క్యూ, టీ, ఈ, పీ."

"ఒకటి, అయిదు, మూడు, సున్నా." రాజమల్లు ఆగాడు. "పదిహేనూ ముప్పై. రైలోళ్ల లెక్కల మూడున్నర."

ఇద్దరి కళ్లూ గోడ గడియారం మీదికి పోయాయి. మూడూ నలభై ఒకటి.

రాజమల్లు ఒక్క అంగలో ఫోను అందుకుని యార్డుకు కలపమన్నాడు. ఒక నిమిషం విన్నాడు. రిసీవరు పెట్టేటప్పుడు అతని ముఖంలో ఇందాకటి గర్వం లేదు. "మూడున్నరకే ఇంజన్ తగిలిచ్చి తీస్కపోయిండ్రట. ఎంకట్రాజం చిట్టీ రాసిచ్చిండట. యార్డు గేటు దాటినంక సైడింగు మీద ఎక్కడ్నో ఆగి ఉన్నదంటున్నరు."

"మూడోది," అంది లిదియా. "యూ, ఏ, ఈ, ఏ, ఆర్, క్యూ."

"ఏడు. అడ్డగీత. మూడు. అడ్డగీత. నలభై ఒకటి." చదివిన రాజమల్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు. జేబులోంచి పన్నెండింటి సోదాకు తాను స్వయంగా రాసిన పంచనామా తీసి మడత విప్పాడు. ఇంటి నంబరు ఉన్న చోట వేలు పెట్టి ఆమె ముందుకు తోశాడు.

"ఏడు, మూడు, నలభై ఒకటి. దానియేలు ఇల్లు! ఇంత కష్టపడి మీ మనిషి మెడకు మీరే తాడు తగిలిచ్చిండ్రు టీచరమ్మా."

 లిదియా పెన్సిలు మొన కాగితం మీద విరిగింది. తర్వాత నెమ్మదిగా అంది. "తన ఇంటి నంబరు తానే పంపుకునే దొంగ, తన చెయ్యే కొట్టే మీటను మరిచిపోతాడా? పందొమ్మిదిసార్లు మరవనివాడు? ఆ ఇల్లు ఎక్కడుంది? సోదా చేసింది మీరు."

"రైల్వే గేటు అవతల గల్లీల, ఆఖరు ఇల్లు. పెరట్ల ఒక పాత రేకుల షెడ్డు." మాట్లాడుతూ మాట్లాడుతూనే రాజమల్లు గొంతు మారింది. "షెడ్డెన్క గోడ. గోడెన్క... సైడింగు."

"నలభై పెట్టెలు గోడ దాటించడానికి ఎంతసేపు? హైదరాబాదులో వాడి మనిషి లారీ పంపేదాకా దాచడానికి అంతకన్నా మంచి చోటేది? మీరు పన్నెండింటికి వెతికి ఏమీ లేదని రాసిచ్చిన ఇల్లది. ఒకసారి వెతికిన ఇంటికి పోలీసులు అదే రోజు మళ్లీ రారు. పట్టుబడినా పేరు దానియేలుదే."

 రాజమల్లు పక్క గది తలుపు తోసి, కాగితం దానియేలు ముఖం ముందు పెట్టాడు. దానియేలు ఒక్కసారి చూశాడు. మీటలు చూడలేదు, లెక్క వేయలేదు. పెదవులు కదిలాయి, అంతే. మూడు ముక్కలూ చదివేశాడు. మరుక్షణం బేడీ ఉన్న చెయ్యి కిటికీ చువ్వను ఊడబెరికేలా గుంజింది.

"సార్, ఇల్లు తాళమనుకుంటాండ్రు సార్ వాళ్లు! దీనమ్మ కాన్పుకు ఇయ్యాల పొద్దుగాల బస్సుకు నర్సంపేట పోతాందని నిన్న ఆఫీసుల అందరికి మిఠాయి పెట్టి చెప్పిన. ఎంకట్రాజం సారు రెండు తీసుకున్నడు. బస్సు మిలిట్రీకి పట్టుకపోయిండ్రని అది పోలే."

"ఇప్పుడెక్కడున్నది?"

"ఇంట్లనే! ఇంకేడికి పోతది సార్? షెడ్డుల సప్పుడైతే ఎవరని చూడకుంట ఉండదది. ఎంకట్రాజం సారు మొఖం దానికి ఎరుకే."

రాజమల్లు బేడీ తాళం తిప్పాడు. చువ్వకున్న కొస ఊడి దానియేలు మణికట్టుకు వేలాడింది.

"గల్లీలకు దగ్గరి తొవ్వ చూపెట్టు. ఉరుకు!"

జీపు నాలుగింటికన్నా పదమూడు నిమిషాలు ముందే డిపో గేటు దాటింది. హైదరాబాదు వైపు తిరగలేదు. వెనుక సీటులో పక్కపక్కన కూర్చున్న లిదియా, దానియేలు ఒక్కసారే తలెత్తి ఎదురుగా చూశారు. రోడ్డుకు అడ్డంగా రైల్వే గేటు వేసి ఉంది. గేటు అవతల, గల్లీ మొగదాల, తెల్ల బుష్‌షర్టు మనిషి స్కూటరు దిగి దానియేలు ఇంటి వైపు నడిచిపోతున్నాడు. ఆ ఇంటి తలుపు తెరిచే ఉంది.